రాత్రి ప్రాక్టీసుకీ ఆదివారం ఆరాధనకీ ఒకటే పియానో: నా అనుభవం

పియానో ఐదో గ్రేడ్ పరీక్షకి నెల రోజుల ముందు మా టీచర్‌గారు నన్ను తన ఇంట్లో ఉన్న పాత అప్‌రైట్ పియానో ముందు కూర్చోబెట్టారు. అప్పటిదాకా నా సాధనంతా 61 కీస్ ఉన్న కీబోర్డు మీదే. ఇంట్లో కళ్ళు మూసుకుని వాయించే పీస్ అక్కడ మొదలుపెడితే మెల్లగా, చిన్న శబ్దంతో వాయించాల్సిన చోట స్వరాలు అసలు పలకలేదు, పలికినవేమో అరిచినట్టు వినిపించాయి. "నీకు పాఠం వచ్చు నాయనా, నీ వేళ్ళకే ఇంకా పియానో తెలీదు" అన్నారు టీచర్‌గారు.

ఆ మాటలో నిజం ఉంది. మామూలు కీబోర్డులో వేలు తీయగానే స్ప్రింగు కీని పైకి నెట్టేస్తుంది. పియానోలో అలా కాదు. ఇవతల వేలు నొక్కితే అవతల సుత్తి లేచి తీగను కొడుతుంది, వేలికి తగిలేది ఆ సుత్తి బరువు. మంద్ర స్థాయిలో సుత్తులు పెద్దవి కాబట్టి ఎడమచేతి వైపు కీస్ బరువుగా, పైస్థాయికి వెళ్ళేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. మెల్లగా వాయించడమంటే ఆ బరువుని అదుపులో పెట్టడం. స్ప్రింగుల మీద ఎన్నేళ్ళు వాయించినా అది రాదు.

అసలు పియానో కొనే వీలు నాకు లేదు. మేముండేది గుంటూరులో, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు. ఈ ఉక్కపోతలో, వానల్లో తీగల శృతి నిలవడం కష్టం, సరిచేసేవాళ్ళు బయటి ఊరి నుంచి రావాలి. పైగా నాకు ప్రాక్టీసుకి దొరికేది బాబు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. అంటే సుత్తి బరువు ఉన్న 88 కీస్ డిజిటల్ పియానో కావాలి. ఇంకో అవసరం కూడా ఉంది. పన్నెండేళ్ళుగా మా చర్చిలో వాయిస్తున్నాను, క్రిస్మస్ నెలలో అయితే వారానికి మూడు నాలుగు చోట్లకి వెళ్ళాలి. రెండు వాయిద్యాలు కొనే స్తోమత లేదు. స్టాండు, సంచి, కాలితో తొక్కి స్వరాన్ని నిలిపే పెడల్ అన్నీ కలిపి లక్ష దాటకూడదని ఇంట్లో అనుకున్నాం.

మొదట తెలిసిన అన్న ఒకరు తన చిన్న డిజిటల్ పియానో వారం రోజులు వాడుకోమని ఇచ్చాడు. ఇంట్లో ఎంతో బాగుంది. ఆదివారం చర్చికి తీసుకెళ్తే సౌండ్ మిక్సర్‌కి కలపడానికి వెనక హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంది. అందులో వైరు పెట్టగానే పియానో సొంత స్పీకర్లు ఆగిపోయాయి, నాకు ఏమీ వినపడలేదు. మిక్సర్‌లోనేమో గుంయ్‌మని హమ్మింగ్. మొదటి కీర్తన సగం అయ్యేదాకా నేను ఏం వాయిస్తున్నానో నాకే తెలీదు. అయ్యగారు ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం చెమటలు పట్టాయి. బయట వాయించేవాళ్ళు స్పెసిఫికేషన్లలో మొట్టమొదట చూడాల్సింది "లైన్ అవుట్" (పియానో స్పీకర్లు ఆగకుండానే శబ్దాన్ని మిక్సర్‌కి పంపే జాక్) ఉందా లేదా అనే, అదీ కుడికి ఒకటి ఎడమకి ఒకటి పెద్ద జాక్‌లు. రోలాండ్ ఎఫ్‌పీ-10, యమహా పీ-45 లాంటి చిన్న మోడల్స్‌లో అవి ఉండవు. ఇంట్లో నేర్చుకోవడానికి మాత్రం ఆ రెండూ మంచివే.

ఆన్‌లైన్‌లో వీడియోలు చూస్తూ నెల గడిచింది. పాలీఫొనీ, అంటే ఒకేసారి పలకగలిగే స్వరాల సంఖ్య, 64 చాలా, 192 కావాలా, 256 కావాలా అని ఆ నెలంతా బుర్ర పాడుచేసుకున్నాను. పెడల్ తొక్కి ఉంచి, పియానోకి తోడు స్ట్రింగ్స్ (వయొలిన్ల లాంటి శబ్దం) కలిపి వాయించేవాళ్ళకి 64 తక్కువే అవుతుంది. 192 దాటాక నాకైతే తేడా తెలియలేదు. ఇక వీడియోలు చాలనిపించి, సెలవు పెట్టి చెన్నై వెళ్ళి, మౌంట్ రోడ్డులో రెండు దుకాణాలు తిరిగాను. వెళ్ళేటప్పుడు నా వైరు హెడ్‌ఫోన్స్ వెంట తీసుకెళ్ళాను. దుకాణంలో ఒక పక్క ఎవరో డ్రమ్స్ కొడుతుంటారు, స్పీకర్లలో మెల్లటి శబ్దం ఏమీ తెలీదు.

నా పరీక్ష ఒకటే. ఒక కీని వీలైనంత మెల్లగా పదిసార్లు నొక్కాలి, పదిసార్లూ పలకాలి. తర్వాత రెండున్నర శృతిలో (డి షార్ప్) కార్డు, అంటే ఒకేసారి నొక్కే మూడు స్వరాలు, పట్టుకోవాలి. ఇది ఎందుకో చెప్పాలి. మా చర్చిలో ఆడవాళ్ళు పాడే పాటలు చాలావరకు రెండున్నరలోనో నాలుగున్నరలోనో వస్తాయి. రెండున్నర కార్డులో బొటనవేలు, చిటికెనవేలు నల్ల కీస్ మీద ఉంటాయి, మధ్యవేలు వాటి మధ్య ఉన్న తెల్ల కీని బాగా లోపలికి నొక్కాలి. కీ లోపల ఇరుసు ఎంత వెనక్కి ఉంటే అక్కడ అంత తేలిగ్గా దిగుతుంది. ఇరుసు దగ్గరగా ఉంటే లోపల రాయిలా ఉంటుంది. కీ అంచు మీద మాత్రమే వేలు పెట్టి చూస్తే ఈ తేడా తెలీదు.

క్యాసియో పీఎక్స్-ఎస్1100 చూడగానే ముచ్చటేసింది. వెడల్పు 23 సెంటీమీటర్లే, బరువు 11.2 కిలోలు, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెటూరి కూటాల్లో ఇది ఎంత ఉపయోగమో వాయించేవాళ్ళకి తెలుసు. లైన్ అవుట్ కూడా ఉంది. కానీ అంత సన్నగా చేశారు కాబట్టి నల్ల కీస్ మధ్యలో నా మధ్యవేలికి బరువు తగిలింది. యమహా పీ-225 బరువు 11.5 కిలోలు, శబ్దం వాళ్ళ సీఎఫ్ఎక్స్ కన్సర్ట్ గ్రాండ్ పియానో నుంచి తీసుకున్నది. హెడ్‌ఫోన్స్‌లో విన్నవాటన్నిట్లో నాకు బాగా నచ్చింది ఆ శబ్దమే. తేటగా ఉంటుంది, డ్రమ్స్ పక్కన కూడా తేలిపోకుండా వినిపిస్తుంది. రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ శబ్దం దానికంటే కాస్త మెత్తన. కానీ దాని కీ మెల్లగా నొక్కితే అడుగుకి చేరేముందు చిన్న గంటు తగిలినట్టు ఉంటుంది, అసలు గ్రాండ్ పియానోలో ఉన్నట్టే. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పలికింది. కవాయ్ ఈఎస్-120 కూడా చూడాలనుకున్నాను, ఆ రోజు అక్కడ లేదు.

యమహా శబ్దమా, రోలాండ్ కీసా? దుకాణం బయట టీ తాగుతూ అరగంట ఆలోచించాను. చివరికి ఇలా అనుకున్నాను: శబ్దాన్ని తర్వాతైనా మార్చుకోవచ్చు, యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపితే వేరే పియానో శబ్దం వాడుకోవచ్చు. కీస్ మాత్రం కొన్నవే ఉంటాయి, నా వేళ్ళు రోజూ నేర్చుకునేది వాటి మీదే. నేను చెన్నై దాకా వచ్చింది కూడా వేళ్ళ కోసమే కదా. ఎఫ్‌పీ-30ఎక్స్‌కే డబ్బు కట్టాను.

దాని బరువు 14.8 కిలోలు. యమహా కంటే మూడు కిలోలకి పైగా ఎక్కువ. కాగితం మీద ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది, సంచిలో పెట్టి మూడు అంతస్తులు దించేటప్పుడు అలా ఉండదు. పొడవు 130 సెంటీమీటర్లు. ఒక్కడినే మోస్తే మెట్ల మలుపులో గోడకి తగులుతుంది, అందుకని మా తమ్ముడు ఒక చివర పట్టుకుంటాడు. కారులో వెనక సీటు మడిచి నిలువుగా తోస్తేనే పట్టింది. వారానికి మూడు సార్లు ఒంటరిగా తిరిగేవాళ్ళయితే నేను పీ-225 తీసుకోమనే చెప్తాను.

స్టాండు విషయంలో తప్పు చేశాను. పాత కీబోర్డుకి వాడిన, ఎక్స్ అక్షరంలా కాళ్ళున్న స్టాండే చాలనుకున్నాను. బరువైన కీస్ మీద గట్టిగా వాయిస్తే అది అటూ ఇటూ ఊగింది, మోకాళ్ళు కూడా తగిలాయి. నాలుగు కాళ్ళ బల్లలాంటి స్టాండు కొన్నాక ఊగడం పోయింది. పియానోతో వచ్చిన పెడల్ చిన్నది, మా ఇంటి టైల్స్ మీద జారిపోయేది. రోలాండ్ వాళ్ళదే డీపీ-10 తీసుకున్నాను, అది సగం తొక్కితే సగమే పట్టుకుంటుంది. డబ్బు ఆదా చేద్దామని వేరే కంపెనీ పెడల్ పెట్టేవాళ్ళు ముందు వాయించి చూసుకోవాలి. కొన్ని తిరగబడి పనిచేస్తాయి, కాలు తీస్తే శబ్దం నిలుస్తుంది. ఇంకో మాట, ఇందులో బ్లూటూత్ ఉన్నది ఫోన్లోని పాట పియానో స్పీకర్లలో వినడానికి. వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌లో పియానో వినిపించదు.

వారం తిరక్కముందే కింది ఇంటి పిన్నిగారు పైకొచ్చి, "రాత్రిళ్ళు ఏం దంచుతున్నారమ్మా?" అని మా ఆవిడని అడిగారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదనుకున్నాను. సుత్తులు పడే దెబ్బ స్టాండు కాళ్ళ గుండా నేలలోకి దిగుతోంది, ఆవిడ మంచం సరిగ్గా ఆ గది కిందే ఉంది. నాకు చాలా బాధనిపించింది, అప్పటికి ఆవిడకి వారం రోజులుగా నిద్ర లేదు. స్టాండు కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు, వాటి కింద నాలుగు మడతలు వేసిన పాత బొంత పరిచాను. తర్వాత కిందికి వెళ్ళి, పిన్నిగారి గదిలో నిలబడి, మా తమ్ముడితో పైన వాయించమని విన్నాను. దాదాపు ఏమీ వినపడలేదు. అయినా పదిన్నరకి ఆపేస్తానని ఆవిడకి మాటిచ్చాను.

చర్చిలో ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను. మా మిక్సర్‌లో పియానోకి ఒక్క చానెలే ఉంది. ఎడమవైపు జాక్ పక్కన "మోనో" అని కూడా రాసి ఉంది, ఒక్క వైరే పెట్టేటప్పుడు దాన్నే వాడాలి. మధ్యలో డీఐ బాక్స్ (వాయిద్యానికీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద గ్రౌండ్ స్విచ్ మారిస్తే ఆ గుంయ్‌మనే శబ్దం పోయింది.

ఒక్క చిక్కు మిగిలింది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేసి ఏ శృతినైనా తెల్ల కీస్ మీదే లాగించేసేవాణ్ణి. ఇందులో ఒక బటన్ పట్టుకుని కీస్ నొక్కాలి, పాటకీ పాటకీ మధ్య అది కుదరడం లేదు. అందుకని రాత్రిపూట పావుగంట రెండున్నర శృతికే కేటాయించాను. ఎడమచేతి కార్డులు వచ్చేశాయి, కుడిచేతి పల్లవి ఇంకా నెమ్మదిగా నడుస్తోంది. నాలుగున్నర వచ్చే నెల మొదలుపెడతాను, క్రిస్మస్ పాటలు ఎక్కువ అందులోనే ఉన్నాయి.