గోధుమరంగు పిల్లలన్నీ ఆడవే: మా పెరట్లో బాతుల క్రాసింగ్

మాది బోడుప్పల్. ఇంటి వెనక 150 గజాల ఖాళీ జాగా ఉంది. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో నాలుగు తెల్ల పెకిన్ ఆడబాతులు, ముఖమంతా ఎర్రటి కండతో ఉండే ఒక మస్కోవీ మగబాతు కొన్నాను. రెండు జాతులు కలిస్తే పిల్లలు ఎలా పుడతాయో చూడాలన్నది నా కోరిక. అప్పటికి అంతకుమించి ఏమీ తెలియదు.

మొదటి ప్రయత్నం దాదాపు వృథా అయింది. చిన్న ఇంక్యుబేటర్‌లో 20 గుడ్లు పెట్టాను. వారం తర్వాత చీకట్లో ఫోన్ టార్చ్ మీద పెట్టి చూస్తే చాలా గుడ్లు ఖాళీగా, నిమ్మపండు రంగులో మెరిశాయి. రక్తనాళాలు కనబడినవి నాలుగే. అందులోనూ పిల్లలుగా బయటికొచ్చింది రెండు, అదీ 32వ రోజున. పెకిన్ గుడ్డు 28 రోజులకు, మస్కోవీ గుడ్డు 35 రోజులకు పగులుతాయి. వీటి లెక్క ఆ రెంటికీ మధ్యన పడింది.

ఎందుకిలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. పెకిన్, ఖాకీ కాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ అనే పెంపుడు రకాలన్నిటికీ మూలం మాలార్డ్ అనే ఒకే అడవిబాతు. మస్కోవీ మాత్రం వేరే ప్రజాతి, దాని పుట్టిల్లు అమెరికా ఖండం. అందుకే ఈ రెండూ వాటంతటవి కలిస్తే పిల్లకట్టే గుడ్లు తక్కువగా ఉంటాయి. పుట్టిన పిల్లలు గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచర గాడిద లాంటివి. బాగా పెరుగుతాయి, మాంసానికి పనికొస్తాయి, వాటికి మాత్రం సంతానం ఉండదు. మా రెండూ ఏపుగా, అందంగా పెరిగాయి. కానీ నాకు కావలసింది తరాలు సాగే బాతులు. మస్కోవీని తెలిసినవాళ్ల పొలానికి ఇచ్చేసి, ఖాకీ కాంప్‌బెల్ మగబాతును తెచ్చాను.

ఖాకీ కాంప్‌బెల్‌నే ఎంచుకోవడానికి ఒక కారణం గుడ్లు. బాగా చూసుకుంటే ఏడాదికి 300 దాకా పెడుతుంది. ఇంకో కారణం దాని పుట్టుక. ఇంగ్లండ్‌లో అడేల్ కాంప్‌బెల్ అనే ఆవిడ బాగా గుడ్లు పెట్టే తన రన్నర్ బాతును రూయెన్ మగబాతుతో కలిపి, తర్వాత అడవిబాతు రక్తం కూడా చేర్చి ఈ జాతిని తయారుచేశారు. ఒక ఇల్లాలు తన సొంత బాతులతో ఇంత పని చేసిందని చదివాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఈసారి తొందరపడలేదు. ఆడబాతు ఒంట్లో పాత మగబాతు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కాలం కూడా నిలిచి ఉంటుంది. అందుకే ఆడబాతులను మూడు వారాలు విడిగా ఉంచాను. ఆ గుడ్లన్నీ పులుసులోకే వెళ్లాయి. తర్వాత ఖాకీని వదిలి ఇంకో పది రోజులు ఆగి, అప్పుడే గుడ్లు దాచడం మొదలుపెట్టాను. కాలం కూడా చూసుకున్నాను, డిసెంబర్. మన హైదరాబాద్ మే నెల ఎండకు గదిలో పెట్టిన గుడ్డులో పిండం సగం సగం పెరిగి చచ్చిపోతుంది. గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా చల్లని గదిలో పెట్టాను, వారం దాటనివ్వలేదు. రెట్ట అంటిన వాటిని కడగలేదు, పక్కన పెట్టేశాను. కడిగితే పెంకు మీది పొర పోయి క్రిములు లోపలికి వెళ్తాయి.

మా వీధికి ఆకుకూరలు తెచ్చే ఆమెకు బీబీనగర్ దగ్గర నాటుకోళ్లున్నాయి. "మేడం, మిషన్ల పెట్టకుండ్రి. కరెంటు పోతె అన్ని ఆగమైతయి. పొదుగుకొచ్చిన కోళ్లు రెండున్నయి, తెస్త" అంది. తెచ్చింది కూడా. ఒక్కో కోడి కింద తొమ్మిది గుడ్లు పెట్టాం. కోడి 21 రోజులకు అలవాటు పడ్డది కదా, మధ్యలో లేచిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. లేవలేదు, రెండూ 28 రోజులు కూర్చున్నాయి. బాతు అయితే ఈతకెళ్లి తడి ఒంటితో గూటికొస్తుంది, కోడికి ఆ తడి ఉండదు. అందుకే చివరి పది రోజులు గోరువెచ్చని నీళ్లు గుడ్ల మీద చిలకరించాను.

18 గుడ్లలో 11 పిల్లలు వచ్చాయి. ఒక్కటీ పెకిన్ పిల్లలా పసుపు రంగులో లేదు. ఐదు నల్లగా, రొమ్ము మీద పసుపు మచ్చతో. ఆరు గోధుమరంగులో. గంపలో వాటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో!

పెకిన్ తెలుపు రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది, అందుకే తెల్లవి పుట్టలేదు. అసలు విశేషం ఖాకీ రంగుది. ఆ జన్యువు జడ్ అనే లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పక్షుల్లో మగదానికి జడ్ క్రోమోజోమ్‌లు రెండు, ఆడదానికి ఒకటే, అదీ తండ్రి నుంచి వచ్చేదే. కాబట్టి కూతుళ్లకు తండ్రి ఖాకీ రంగు నేరుగా వచ్చేస్తుంది. కొడుకులకు మాత్రం తల్లి తెలుపు చాటున దాగిన ముదురు రంగు కూడా వచ్చి దాన్ని కప్పేస్తుంది. అంటే పుట్టిన రోజే గోధుమరంగువి ఆడవి, నల్లవి మగవి. ఖాకీ ఆడదాన్ని పెకిన్ మగదానితో కలిపితే ఈ తేడా తెలియదు, అన్నీ ముదురు రంగులోనే పుడతాయి.

పుస్తకంలో చదివింది మా పెరట్లో నిజమవుతుందా అని ఒక్కోదాని కాలికి దారం కట్టి డైరీలో రాసుకున్నాను. ఈలోగా ఒక గండం. రెండో వారంలో రెండు పిల్లలు కాళ్లు నిలవక కూలబడ్డాయి. కోడిపిల్లల దాణా పెట్టడమే నా పొరపాటని పశువుల డాక్టర్ చెప్పారు. బాతుపిల్లలకు నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లలకన్నా చాలా ఎక్కువ కావాలి. దాణాలో ఆ విటమిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ కలిపి పెట్టాను. ఒకటి లేచి నడిచింది, ఒకటి దక్కలేదు. ఆ నల్లపిల్ల పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఏడో వారంలో గొంతులు విడిపోయాయి. బాతుల్లో ఆడదాని అరుపు గట్టిది, మగదానిది బొంగురు. గోధుమరంగు ఆరూ వీధంతా వినబడేలా అరిచాయి. నల్లవి నాలుగూ జలుబు చేసినట్టు బొంగురుగా పలికాయి. డైరీ తీసి చూసుకుంటే ఒక్కటీ తప్పలేదు.

ఆ ఆరింటిలో పెద్దది ఇప్పుడు గుడ్లు పెడుతోంది. బయటి నుంచి తెచ్చిన ఒక పెకిన్ మగబాతుతో దాన్ని కలిపాను. లెక్క ప్రకారం ఈసారి సగం పిల్లలు పసుపు నూగుతో పుట్టి, తెల్లగా పెరగాలి. గుడ్లు కోడి కింద పెట్టి నేటికి 22 రోజులు. ఉదయం నీళ్లు చిలకరించి వచ్చాను.