అద్దెలో మునిసిపాలిటీ వాటా ఎంత?

అద్దె పెరిగితే అందరి కోపమూ ఇంటి యజమాని మీదికే పోతుంది. కానీ ఎన్ని అంతస్తులు కట్టొచ్చు, చుట్టూ ఎంత జాగా వదలాలి, ప్లాను ఎన్నాళ్లకు పాసవుతుంది అన్నవి చాలావరకు స్థానిక సంస్థ చేతిలోనే ఉంటాయి. అనుమతి ఆలస్యమైన ప్రతి నెలా స్థలం కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

పార్కింగ్ సంగతే చూడండి. దారి, ర్యాంపు కలుపుకుంటే ఒక్క కారుకు సుమారు 30 చదరపు మీటర్లు కావాలి. అందులో ఒంటరి మనిషికి సరిపడా గది, వంటిల్లు, బాత్రూమ్ వచ్చేస్తాయి. ఫ్లాటుకో కారు జాగా తప్పనిసరి చేస్తే, కారు లేనివాళ్లూ ఆ ఖర్చు మోయాల్సిందే. నన్నడిగితే ముందు ఎత్తేయాల్సిన నిబంధన ఇదే.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరం 2016లో నివాస భూమిలో దాదాపు నాలుగింట మూడు వంతుల్లో మునుపటికంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చింది. ఆ తర్వాత కొత్త ఇళ్ల అనుమతులు బాగా పెరిగాయి. బెర్లిన్ 2020లో అద్దెలకే కళ్లెం వేసింది. అద్దెకున్న ఇళ్ల ప్రకటనలు తగ్గాయి. ఆ చట్టం చేసే అధికారం బెర్లిన్‌కు లేదని 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

కట్టే నూరిళ్లలో ఇరవై ఇళ్లను తక్కువ అద్దెకివ్వాలని బిల్డరుకు షరతు పెడితే, బదులుగా అదనపు అంతస్తులకు అనుమతివ్వాలి. లేదంటే లెక్క కుదరక బిల్డరు అసలు కట్టడు. షరతు గడువూ చూసుకోవాలి: పదిహేనేళ్లే అయితే పదహారో ఏట ఆ ఇళ్లకూ బజారు అద్దే. వియన్నాలో ఈ బెడద తక్కువ. అక్కడ రెండు లక్షలకు పైగా ఫ్లాట్లు నగరపాలక సంస్థ సొంతం.