రిపోర్టులన్నీ నార్మల్

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఈ మాట బయటికి చెప్పడానికి మా ఇంట్లో చాలా కాలం పట్టింది. ఇప్పుడు రాస్తున్నానంటే, మాలాగే ఫైలు చంకలో పెట్టుకుని ల్యాబుల చుట్టూ తిరిగే కుటుంబాలు మా నెల్లూరు జిల్లాలో ఇంకా ఉంటాయని. "జబ్బు ఉందో లేదో తేల్చే టెస్టు ఒక్కటైనా లేదా?" అన్నది అందరం అడిగేదే. దానికి జవాబు వెతుక్కుంటూ పోయాకే ఈ జబ్బు ఏమిటో మాకు కొంతైనా అర్థమైంది.

వాడప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సంక్రాంతి సెలవులకు అల్లూరు వచ్చినవాడు మళ్ళీ హాస్టలుకు పోలేదు. రాత్రంతా మెలకువ, పగలు గది దాటి రాడు, స్నానం చెయ్యమంటే విసుగు. ఫోను కెమెరా మీద బ్యాండ్‌ఎయిడ్ అంటించాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా దగ్గితే తన గురించి చేసిన సైగ అనేవాడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి మెల్లగా, "అక్కా, ఇద్దరు మాట్లాడుకుంటా ఉంటారు. నేను నీళ్ళు తాగితే 'తాగుతున్నాడు చూడు' అంటాడు ఒకడు. నీకు వినపళ్ళేదా?" అన్నాడు. అబద్ధం చెప్పేవాడి ముఖం కాదది. నాకు వినబడటం లేదని చెప్పాను. నీకు వినబడుతోందంటే మాత్రం నమ్ముతానని కూడా చెప్పాను.

పరీక్షల టెన్షన్ అన్నారు కొందరు, ప్రేమ వ్యవహారం అన్నారు ఇంకొందరు, గాలి సోకిందన్నవాళ్ళూ ఉన్నారు. అమ్మ ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయింది. దాన్ని నేను తప్పు పట్టను, అక్కడే అమ్మకు కాస్త గుండె ధైర్యం దొరికింది. ఒక ప్రైవేటు క్లినిక్‌లో బలహీనత అని చెప్పి నిద్రమాత్రలు, బీకాంప్లెక్స్ రాశారు. అలా నెలలు గడిచిపోయాయి. ఆ నెలలు నాకు ఇప్పటికీ బాధే. సైకోసిస్, అంటే లేనివి వినబడటం, జరగనివి నమ్మడం, మొదలయ్యాక మందు పడటం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని ఎన్నో దేశాల పరిశోధనలు చెప్పాయి.

చివరికి నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి పోయాం. డాక్టరమ్మ వాడితో చాలాసేపు ఒంటరిగా మాట్లాడింది, తర్వాత మమ్మల్ని విడిగా పిలిచి అడిగింది. ఆ తర్వాతే టెస్టులు రాసింది. రక్తంలో కణాలు, షుగరు, థైరాయిడ్, బీ12, లివరు, కిడ్నీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్, గంజాయి కోసం మూత్ర పరీక్ష, తలకు ఎంఆర్‌ఐ, మెదడులో కరెంటు తీరు చూసే ఈఈజీ. అన్నీ నార్మల్.

నాయనకు అక్కడే ఆశ పుట్టింది, అనుమానమూ పుట్టింది. ఆయన రొయ్యల గుంటలు చేస్తాడు. రోజూ నీళ్ళ పీహెచ్, ఉప్పుశాతం చూసి పుస్తకంలో రాసుకోవడం ఆయనకు అలవాటు. రొయ్య నలతగా కనిపిస్తే ల్యాబుకు పంపి, పీసీఆర్ చేయించి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు ఉందో లేదో తెలుసుకుంటాడు. ఆయన నేరుగా అడిగేశాడు: "ఏందమ్మా ఇది? రొయ్యకు చెప్పగలిగినోళ్ళు మనిషికి చెప్పలేరా? అన్నీ నార్మల్ అంటే వీడికి జబ్బు లేనట్టే గదా?"

ఆమె విసుక్కోలేదు. "పెద్దాయనా, ఈ టెస్టులు ఈ జబ్బును పట్టుకోడానికి కాదు, ఇలాగే కనిపించే వేరే జబ్బులు లేవని చూసుకోడానికి" అంది. థైరాయిడ్ తేడా, బీ12 లోపం, మెదడులో గడ్డ, ఫిట్స్ జబ్బు, ఇవన్నీ కూడా మనిషిని ఇలా మార్చగలవట. ఇంకోటి కూడా చెప్పింది. మన శరీరంలోని యాంటీబాడీలే మెదడులోని ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల (కణాలు సంకేతాలు అందుకునే చోట్లు) మీద పడే జబ్బు ఒకటుంది, దాన్ని 2007లో డాల్మౌ అనే వైద్యుడి బృందం గుర్తించింది. ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తుంది. మొదట్లో అచ్చం సైకోసిస్‌లాగే ఉండి, తర్వాత ఫిట్స్, నోరు వంకర్లు పోవడం, తెలివి తప్పడం మొదలవుతాయి. దానికి మాత్రం వెన్నునీటి పరీక్ష ఉంది, నయం చేసే వైద్యమూ ఉంది. మావాడికి ఆ లక్షణాలేవీ లేవు కాబట్టి ఆ పరీక్ష అవసరం లేదంది.

స్కిజోఫ్రీనియా అని మొదటిరోజే రాయలేదు, సైకోసిస్ అని రాసింది. లక్షణాలు ఎంతకాలం ఉంటాయో, ఎలా మారతాయో చూసే పేరు పెడతారట. మందు మాత్రం ఆరోజే మొదలుపెట్టింది.

డోపమైన్ అనే మెదడు రసాయనం సంగతి నేను ఆ తర్వాత ఓపికగా అడిగి, చదివి తెలుసుకున్నాను. మెదడు లోపల స్ట్రయాటం అనే భాగంలో డోపమైన్ చేసే పనుల్లో ఒకటి, 'ఇది ముఖ్యం, దీన్ని గమనించు' అని గుర్తు వెయ్యడం. సైకోసిస్‌లో అక్కడ డోపమైన్ అదుపు తప్పి విడుదలవుతుంది. అప్పుడు ప్రతి చిన్నదానికీ ఆ గుర్తు పడిపోతుంది. టీ కొట్టు దగ్గర దగ్గు, పక్కింటి గేటు చప్పుడు, అన్నీ తనకోసమే జరుగుతున్నట్టు ఉంటుంది. ఎందుకలా అని మెదడే ఒక కథ అల్లుకుంటుంది. ఇది చదివిన రోజు ఆ బ్యాండ్‌ఎయిడ్ ఎందుకో నాకు అర్థమైంది. వాడు పిచ్చిగా ఆలోచించడం లేదు, తనకు అందుతున్న తప్పుడు సమాచారంతో సరిగ్గానే ఆలోచిస్తున్నాడు.

మరి ఆ డోపమైన్‌నే రక్తంలో కొలవొచ్చు కదా అంటే, రక్తంలో తిరిగేది మెదడులో జరిగేదాన్ని చెప్పదు. రెంటికీ మధ్య అడ్డుగోడ ఉంది. పరిశోధనల్లో పెట్ స్కాన్‌తో మెదడులోనే డోపమైన్ తయారీని చూశారు. జబ్బున్నవాళ్ళ గుంపులో సగటున ఎక్కువగానే ఉంది. కానీ ఒక్క మనిషి అంకె తీసి చూస్తే, జబ్బు లేనివాళ్ళ అంకెలతో కలిసిపోతుంది. ఎంఆర్‌ఐ తేడాలూ అంతే, గుంపుల మధ్య కనబడతాయి గానీ ఒక మనిషి గురించి తేల్చి చెప్పవు.

ఇంతకీ మందు ముందొచ్చింది, డోపమైన్ సంగతి తర్వాత తెలిసింది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడి గుణం చూశారు, అదెలా పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అంతకుముందే 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ అనే వైద్యులు సర్పగంధి వేరు ఉన్మాదానికి, రక్తపోటుకు పనిచేస్తుందని రాశారు. ఆ వేరులోంచి తీసిన రెసర్పిన్ జంతువుల మెదడులో డోపమైన్‌ను ఖాళీ చేస్తుందని స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. ఆయనకు 2000లో నోబెల్ ఇచ్చారు. సర్పగంధి పేరు వినగానే నాయన లేచి కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ పై దేశాల జబ్బు అన్నట్టు వింటున్న మనిషికి అది తెలిసిన వేరు.

మొదటి మందు రిస్పెరిడోన్. కొన్నాళ్ళకు చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం మొదలైంది. కాలు ఒకచోట నిలవదు, వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవాడు. "మందే పిల్లోణ్ణి చెడగొడతా ఉంది" అని అమ్మ ఏడ్చింది. డాక్టరమ్మ దానికీ లెక్క చెప్పింది. ఈ మందులు డీ2 అనే డోపమైన్ రిసెప్టర్లను మూస్తాయి. సుమారు 65 శాతం మూసుకుంటే గుణం కనిపిస్తుంది, 80 శాతం దాటితే ఈ బిగుసుకుపోవడాలు వస్తాయి. మధ్యలో ఉన్న సందు చిన్నది, అది మనిషి మనిషికీ వేరు. అందుకే డోసు తగ్గించి చూసింది. బిగువు తగ్గింది, చెవిలో మాటలు మాత్రం ఆగలేదు. తర్వాత ఒలాంజపిన్ ఇచ్చారు. నిద్ర పట్టింది, ఆకలి విపరీతంగా పెరిగి బరువెక్కాడు. ఆ ఇద్దరు మాత్రం చెవిలో మాట్లాడుతూనే ఉన్నారు.

రెండు మందులు సరైన డోసులో, సరిపడా కాలం వాడినా లొంగకపోతే క్లోజపిన్ అనే మందుకు పోవాలి. ఇలా లొంగని వాళ్ళలో డోపమైన్ తయారీ మామూలుగానే ఉన్నట్టు కొన్ని స్కాన్ పరిశోధనల్లో కనబడింది. అంటే ఒకే పేరు కింద ఒకటి కంటే ఎక్కువ జబ్బులు ఉండొచ్చు. గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం మీద అనుమానం అందుకే. కెటమైన్‌లాంటి మత్తుమందులు గ్లూటమేట్ దారిని అడ్డుకుని మామూలు మనిషిలో కూడా కాసేపు ఇలాంటి లక్షణాలు తెప్పిస్తాయి.

క్లోజపిన్ దగ్గర మాకు చివరికి ఒక రక్తపరీక్ష పనికొచ్చింది. ఈ మందు కొద్దిమందిలో తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. అందుకే మొదటి 18 వారాలు వారం వారం పరీక్ష. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తానికి 1,500 కంటే దిగితే మందు ఆపి వెంటనే రమ్మన్నారు. జ్వరం, గొంతునొప్పి వచ్చినా అంతే. నాయన ఆ అంకెను గుంటల పుస్తకంలోనే రాసేవాడు. ఎడమవైపు పీహెచ్, ఉప్పుశాతం, కుడివైపు కొడుకు న్యూట్రోఫిల్స్, కింద తేదీ. జబ్బును నమ్మడానికి ఆయనకు ఒక అంకె కావాల్సొచ్చింది. జబ్బుది కాకపోయినా మందుది దొరికింది. ఆ తర్వాత ఒక్క వారం కూడా తప్పనివ్వలేదు.

క్లోజపిన్ వాడేవాళ్ళ ఇంట్లోవాళ్ళకు కొన్ని తెలిసుండాలి. రెండు రోజులు మందు తప్పితే మళ్ళీ పాత డోసు నేరుగా వెయ్యకూడదు, డాక్టరును అడిగి తక్కువ నుంచి మొదలుపెట్టాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. సిగరెట్ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానితే రక్తంలో మందు పెరిగిపోతుంది, ముందే చెప్పాలి. నిద్రలో చొంగ కారి దిండు తడిసిపోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

నా పెళ్ళి సంబంధాల సమయంలో ఇంకో ప్రశ్న వచ్చింది, నాకూ వస్తుందా అని. జనాభాలో సుమారు నూటికి ఒకరికి ఈ జబ్బు. తోబుట్టువుకు ఉంటే ఆ అవకాశం నూటికి తొమ్మిది దాకా ఉంటుంది. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవాళ్ళకు సగానికి సగం మందికి రాదు. 2022లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో జన్యు పదార్థంలో ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు 287 బయటపడ్డాయి. ఒక్కోదాని పాత్ర చాలా చిన్నది, అందుకే జన్యు పరీక్ష చేసి ఇతనికి వస్తుందని చెప్పలేరు. సంబంధం వాళ్ళకు ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాం. ఒకరు వెళ్ళిపోయారు. ఇప్పుడున్న మా అత్తగారు మాత్రం "మందు వేసుకుంటున్నాడు గదా" అని, అంతటితో వదిలేసింది.

తమ్ముడు ఇప్పుడు పొద్దున్నే నాయనతో గుంటల దగ్గరికి పోయి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు చూస్తాడు. చెవిలో మాటలు పూర్తిగా పోలేదు, దూరంగా, అప్పుడప్పుడూ వినిపిస్తాయంటాడు. మనుషుల్లో కలవడానికి ఇంకా ఇష్టపడడు. ఆ మౌనం, ఆ నిరాసక్తత కూడా జబ్బులో భాగమే, దాని మీద ఈ మందులు పెద్దగా పనిచెయ్యవు. రక్తపరీక్ష నెలకొకసారికి వచ్చింది. షుగరు, కొలెస్ట్రాల్, నడుము కొలత కూడా చూస్తున్నారు.

మొదటిసారి డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు పాత రిపోర్టుల కంటే ముందు ఒక కాగితం రాసుకుని పోండి. ఎప్పటి నుంచి మారాడు, నిద్ర ఎలా ఉంది, ఏం వినిపిస్తోందంటాడు, గంజాయిలాంటివి ఉన్నాయా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, జ్వరం గానీ ఫిట్స్ గానీ వచ్చాయా. మావాడి విషయంలో డాక్టరమ్మకు స్కాన్ కంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. మనిషిని ఇల్లు కదిలించలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.