ఉప్పు వేసిన ఐసు, వేయని ఐసు

గుంటూరులో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. ఒంటిపూట బడులు మొదలయ్యాక, పిల్లల చేతే ఐస్‌క్రీమ్ చేయించాలనుకున్నాను. పాలు ముందురోజే కాచి, పంచదార కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. ఐసు దిమ్మను ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో చుట్టి, ఊక కప్పి తెప్పించాం. ఎండలో వచ్చినా పెద్దగా కరగలేదు.

జట్టుకో కప్పు పాలు. వాటిని చిన్న జిప్ కవర్లో పోసి గట్టిగా మూసి, ఐసు ముక్కలూ కల్లుప్పూ వేసిన పెద్ద కవర్లో పెట్టి, తువ్వాలు చుట్టి ఊపాలి. తువ్వాలు తప్పనిసరి. ఆ చలికి వట్టి చేతులు ఆగవు. ఒక జట్టుకు మాత్రం కావాలనే ఉప్పు ఇవ్వలేదు. "మాకెందుకు లేదు మేడం?" అని మొహాలు ముడుచుకున్నారు.

వట్టి ఐసులో థర్మామీటరు సున్నా దగ్గర ఆగిపోయింది. ఉప్పు కవర్లో ఎర్ర గీత సున్నా దాటి, చివరి గీత మైనస్ 10 వైపు జారుతూనే ఉంది. కవరు బయట తెల్లగా మంచు పట్టింది, గోటితో గీస్తే చార పడేంత.

అప్పుడొక అమ్మాయి అడిగింది: "ఉప్పు వేస్తే ఐసు తొందరగా కరుగుతోంది కదా మేడం, మరి ఇంకా చల్లబడుతోందేంటి?"

నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. కరగాలంటే ఐసుకు వేడి కావాలి, గ్రాముకు దాదాపు 80 కేలరీలు. ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదు కాబట్టి, ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే కిందకూడా కరుగుతూనే ఉంటుంది. ఆ వేడిని పక్కనున్న పాల నుంచి లాక్కుంటుంది. ఐసులో ఉప్పు పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 వరకూ దిగుతుంది. పంచదార కలిసిన పాలు గడ్డకట్టేది సున్నా కంటే కిందే. వట్టి ఐసు అక్కడిదాకా తీసుకెళ్లలేదు. ఉప్పు లేని కవరు పక్కన లేకపోతే ఇదంతా పిల్లలకు తినే సరదాగానే మిగిలేదని నా నమ్మకం.

ఆపకుండా ఊపినవాళ్లది మెత్తగా వచ్చింది. మధ్యలో అలిసిపోయి వదిలేసిన జట్టుది పలుకులు పలుకులుగా తగిలింది. ఊపుతుంటే మంచు స్ఫటికాలు పెద్దవి కాలేవు. తెరిచే ముందు లోపలి కవర్లన్నీ బయట కడిగించాను, లేకపోతే నోరంతా ఉప్పే.

ఉప్పు లేని జట్టు పాలు చల్లబడ్డాయి గానీ గట్టిపడలేదు. వాళ్లకూ గుప్పెళ్లతో ఉప్పు వేశాను. బెల్లు కొట్టినా కదలకుండా, గడ్డకట్టేదాకా ఊపుతూనే కూర్చున్నారు.