మధ్య సీటు ఖాళీ

శనివారం, రాత్రి పదకొండు దాటింది. ఫ్రాంక్‌ఫర్ట్.

నాన్నగారు నిద్రపోయారు. కళ్లజోడు దాని పెట్టెలో, పాస్‌పోర్టు దిండు కింద, నీళ్ల సీసా చేతికి అందేంత దూరంలో. రేపు ఉదయం ఆయనను హైదరాబాదు విమానం ఎక్కించాలి. హోటల్ విమానాశ్రయానికి దగ్గర కాబట్టి ఇందాకటి వరకు విమానాల హోరు వినిపిస్తూనే ఉంది. ఈ ఊళ్లో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు విమానాలకు విరామం. 2011 నుంచి అదే నియమం. ఇప్పుడు గదిలో నాన్నగారి ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. నిద్ర పట్టక ఈ రోజు సంగతులు రాసుకుంటున్నాను.

హెల్సింకీ నుంచి ఇక్కడికి మేమిద్దరం ఫిన్నెయిర్ బిజినెస్ క్లాసులో వచ్చాం. ఆఫీసు పని మీద నేను ఒకటి రెండు సార్లు ఎక్కాను గానీ, నాన్నగారికి ఇదే మొదలు. వద్దంటారని తెలిసి టికెట్లు కొన్నాకే చెప్పాను. డబ్బు లెక్క నాకూ ఉంది. ఆయన హైదరాబాదు టికెట్టు ఇక్కడి నుంచి విడిగా ఉంది. దాని మీద 23 కిలోల పెట్టెలు రెండు. ఇక్కడిదాకా ఎకానమీలో వస్తే రెండో పెట్టెకు వేరుగా కట్టాలి, పక్కపక్క సీట్లకు వేరుగా కట్టాలి. అన్నీ కలుపుకుంటే తేడా మనిషికి నూరు యూరోల పైచిలుకు. 69 ఏళ్ల మనిషి, నొప్పి పెట్టే మోకాళ్లతో, సెక్యూరిటీ దగ్గర నిలబడకుండా లాంజిలో కూర్చుని సూపు తాగి బయలుదేరడానికి ఆ డబ్బు ఎక్కువ అనిపించలేదు. ఇదంతా ఆయనకు చెప్పిన లెక్క. ఆయన 90 రోజుల వీసా అయిపోవచ్చింది, మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియదు. ఈ ఒక్క ప్రయాణంలో ఆయనతో తీరికగా కూర్చోవాలనిపించింది. అది చెప్పలేదు.

విమానం ఎక్కగానే నాన్నగారు రెండో వరుస దగ్గర ఆగిపోయారు. బిజినెస్ క్లాసు అంటే పెద్ద పెద్ద సీట్లు ఉంటాయని ఆయన ఊహ. మన దేశంలో ఎయిర్ ఇండియా విమానాల్లో ముందు వరుసల్లో అటు రెండు, ఇటు రెండు వెడల్పు సీట్లు ఉంటాయి, ఫోటోల్లో చూశారు. ఇక్కడ అటు మూడు, ఇటు మూడు. వెనుక ఉన్నవే ముందూ ఉన్నాయి. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు, నేను నడవ పక్కన. మధ్యది ఖాళీ.

తలుపు మూయబోతుండగా ఆయన మధ్య సీటు వైపు చూసి అడిగారు.

"అమ్మాయ్, ఇక్కడ ఎవరు రావాలి?"

"ఎవరూ రారు నాన్నగారూ."

"టికెట్టు తీసుకుని రాలేదా?"

"అసలు అమ్మరు. ఖాళీగా ఉంచడానికే మన దగ్గర ఎక్కువ తీసుకున్నారు."

ఆయన ఏమీ అనలేదు. తల వంచి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మా వెనుక మూడు వరుసలు, ఆ తర్వాత పట్టాకు వేలాడే బూడిద రంగు తెర. మొత్తం అయిదు వరుసలు. "అంటే పది సీట్లు వదిలేశారు," అన్నారు, కాస్త బాధగానే.

ఆ బాధ నాకు తెలుసు. నాన్నగారు 34 ఏళ్లు రైల్వేలో టీటీఈ. నా చిన్నతనమంతా ఆయన చేతిలోని చార్టు కాగితాల మధ్యే గడిచింది. స్లీపర్ బోగీలో 72 బెర్తులు, తలుపు దగ్గర వెయిటింగ్ లిస్టు వాళ్లు, పక్క కింది బెర్తు మీద సర్దుకుని కూర్చున్న ఇద్దరేసి ఆర్ఏసీ వాళ్లు. ఖాళీ బెర్తును ఆయన ఎవరికో తీర్చవలసిన బాకీలా చూసేవారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో ఎక్కవలసిన వాళ్లు ఎక్కకపోతే తర్వాతి స్టేషను దాకా చూసి, ఆ బెర్తు ఇచ్చేవరకు కూర్చునేవారు కాదు. ముందు వరుస ప్రకారం ఆర్ఏసీ వాళ్లకు, ఆ తర్వాత వెయిటింగ్ లిస్టుకు. ఆ క్రమం తప్పించమని ఎవరు ఎంత బతిమాలినా వినేవారు కాదని ఆయన స్నేహితులు ఇప్పటికీ చెబుతారు. అలాంటి మనిషి పక్కన, ఎవరికీ ఇవ్వకూడని సీటు.

విమానం కదిలే లోపు ఆయన ఇంకో పని చేశారు. చెయ్యి చాచి తన సీటు వెడల్పు జానతో కొలిచారు. రెండు జానలు, ఆపైన వేలు వాసి కూడా లేదు. తర్వాత లేచి, తెర అవతలి వరుసలో ఇంకా ఎవరూ కూర్చోని సీటును కొలిచి వచ్చారు. అక్కడా రెండు జానలే. సమాన కొలత తేలిన తర్వాత ఆయన ముఖంలో ఒక నిమ్మళం కనిపించింది. ఎందుకో నాకూ తృప్తిగా అనిపించింది.

తెర సంగతి వివరించాను. అది ఒకే చోట బిగించినది కాదు, పట్టా మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పని మీద తిరిగేవాళ్లు ఎక్కువ ఉండే వారపు రోజుల్లో ఎనిమిదో తొమ్మిదో వరుసలు బిజినెస్ అవుతాయి. సెలవుల కాలంలో మూడు వరుసలతో సరిపోతుంది. మిగిలినవి మధ్య సీటుతో సహా మామూలుగా అమ్ముకుంటారు. వెడల్పు సీట్లు బిగిస్తే వాటిని ఏ రోజుకు ఆ రోజు తగ్గించలేరు, పెంచలేరు. పూర్వం కొన్ని యూరప్ విమానాల్లో మూడు సీట్లను నొక్కి జరిపి రెండు వెడల్పు సీట్లుగా చేసే ఏర్పాటు ఉండేది. బరువు, మరమ్మతుల బెడద చూసుకుని అదీ వదిలేశారు. చివరికి అక్కడ దాదాపు అందరూ చేరిన చోటు ఇదే: సీటు అదే, పక్కది ఖాళీ, భోజనం పింగాణీ పళ్లెంలో.

నాన్నగారు శ్రద్ధగా విన్నారు. "అంటే బోగీ మార్చకుండా తరగతి మారుస్తున్నారు," అన్నారు. ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను. తర్వాత ఆయనకు గరీబ్ రథ్ గుర్తొచ్చింది. ఆ రైళ్లలో పక్క బెర్తులు రెండు ఉండే చోట మూడు పెట్టారు. ఆ నడిమి బెర్తులో పెద్దవాళ్లు తల ఎత్తి కూర్చోలేక పడిన అవస్థ ఆయన కళ్లారా చూశారు. "అక్కడ చోటు లేని చోట బెర్తు పెట్టారు, ఇక్కడ ఉన్న సీటు వదిలేస్తున్నారు. జనం ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టే అంతా." చిన్నప్పుడు రైలు మూడో తరగతి పెట్టెలో వాళ్ల నాన్నగారితో ప్రయాణించిన మనిషి ఆయన. 1974లో మూడో తరగతి ఎత్తేసినప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు. పెట్టె మీద అంకె మారిన రోజున బల్ల మారలేదని తాతయ్య అన్న మాట ఈ రోజు విమానంలో నాకు మొదటిసారి చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్లలో సందర్భం రాలేదు.

కిందకి బాల్టిక్ సముద్రం వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ చిన్న గ్లాసుల్లో బ్లూబెర్రీ రసం తెచ్చింది. ఇది తెర అవతలా ఇచ్చారు. నాన్నగారు గ్లాసు వెలుతురుకు ఎత్తి పట్టుకుని రంగు చూశారు. పోయిన నెల నూక్సియో అడవిలో మా అమ్మాయితో కలిసి ఆ పండ్లు ఆయనే కోశారు. ఫిన్లాండులో అడవి ఎవరిదైనా సరే, అందులో పండ్లు కోసుకునే హక్కు అందరిదీ అంటే ఆయన మొదట నమ్మలేదు. కాపలావాడు వస్తాడేమోనని కాసేపు చుట్టూ చూశారు. తర్వాత రెండు గంటలు వంగిన నడుము ఎత్తలేదు. అక్కడి పండు బజారులో దొరికే దానికంటే చిన్నది. లోపలి గుజ్జు కూడా ఊదా రంగే. తాతా మనవరాళ్ల వేళ్లూ నాలుకలూ నేరేడు పండ్లు తిన్నట్టు తయారయ్యాయి. ఆ మరక ఆయన కుడిచేతి చూపుడు వేలు గోరు పక్కన మూడు రోజులు ఉంది. విమానంలో గ్లాసు పట్టుకున్నదీ ఆ వేళ్లే. ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తూ "కీటోస్" అన్నారు. మూడు నెలల్లో నేర్చుకున్న ఆ ఒక్క ధన్యవాదాన్ని దీర్ఘంతో సహా సరిగ్గా పలికారు. ఆవిడ చేస్తున్న పని ఆపి ఆయన వైపు తిరిగి నవ్వింది.

భోజనం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ముందే చెప్పినందువల్ల ఇద్దరికీ శాకాహారం వచ్చింది. ఆయన రై రొట్టె వదిలేశారు, వెన్న నాకు ఇచ్చారు.

ఆ మధ్య సీటు మీదికి మాత్రం ఒక్కొక్కటే వస్తువు చేరింది. ముందు ఆయన కళ్లజోడు పెట్టె, తర్వాత చేతిసంచి, తర్వాత మడిచిన శాలువా. నా ఫోనూ అక్కడే పెట్టాను. మోచేతులు తగలకుండా, ఎవరినీ లేపకుండా, గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగాం. ఇంట్లో మూడు నెలలు ఉన్నారు గానీ నా ఆఫీసు, పాప బడి, వంట, వీటి మధ్య గంటసేపు ఏకధాటిగా మాట్లాడుకున్న రోజు లెక్కకు ఒకటో రెండో. ఈ ఖాళీకి ధర కట్టడం తప్పు కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. వయసు మళ్లిన వాళ్లతో ప్రయాణం చేసేవాళ్లు, తేడా భరించగలిగితే ఒక్కసారైనా కొనుక్కోవాలి. పెద్ద సీటు కోసం అయితే వద్దు, ఆ పెద్ద సీటు అక్కడ ఉండదు.

దిగడానికి ఇంకా ముప్పావుగంట ఉండగా నాన్నగారు, "అడవి ఫోటోలు ఉన్నాయా నీ దగ్గర?" అని అడిగారు. ఫోను తీసి అందించబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. శాలువా, సంచి, కళ్లజోడు పెట్టె ఒక్కొక్కటిగా తీసి కిటికీ పక్క సీట్లోకి మార్చారు. మధ్య సీట్లోకి జరిగి కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. ఆయన భుజం నా భుజానికి ఆనింది. ఫోను ఇద్దరి మధ్య పట్టుకుని, చక్రాలు నేలకు తగిలేవరకు ఒక్కో ఫోటో చూశాం. పాప నాలుక చాపి ఊదా రంగు చూపిస్తున్న ఫోటో దగ్గర వేలు పెట్టి, తర్వాతి దానికి వెళ్లనివ్వలేదు.

దిగాక గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకున్నాం. "గంట కలిసొచ్చింది," అన్నారు.

హోటల్‌కు వచ్చాక పెట్టెలు మళ్లీ తూచాం. ఒకటి 21.4, రెండోది 23.6. రెండోదాంట్లోంచి బ్లూబెర్రీ జామ్ సీసాలు రెండు తీసి మొదటిదాంట్లో తువ్వాలు చుట్టి పెట్టాను. రెండోది 22.9 దగ్గర ఆగితే ఆయన తల ఊపారు. బోర్డింగ్ పాస్ చించి పారేయవద్దని తీసుకుని, వెనుక ఏదో రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏమి రాశారో అడగలేదు. అయిదున్నరకు అలారం పెట్టాను, ఆయన అంతకంటే ముందే లేస్తారు.