పారదర్శక అలైనర్లతో నా అనుభవం

ముందు పళ్లు రెండూ ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండడంతో, తీగల బ్రేసెస్‌కు బదులు తీసి పెట్టుకోగలిగే పారదర్శక అలైనర్లను, అంటే పళ్లను కొద్దికొద్దిగా సరైన చోటికి జరిపే ప్లాస్టిక్ తొడుగులను (ట్రేలను), ఎంచుకున్నాను. ఒక్కో ట్రే పంటిని సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది కాబట్టి, రోజుకు 20 నుంచి 22 గంటలు ధరించి, డాక్టరు చెప్పిన ప్రకారం వారానికో రెండు వారాలకో తరువాతి ట్రేకు మారాలి. కొత్త ట్రే పెట్టుకున్న మొదటి రాత్రి పళ్లు బిగబట్టినట్లు సలుపుతాయి. మరునాడు జంతిక కొరకడం కూడా కష్టమే. అన్నిటికన్నా ఇబ్బంది టీతోనే: వేడికి ట్రే ఆకారం మారవచ్చు, మరకలు పడతాయి, అందుకే ప్రతిసారీ తీసి, తాగి, నోరు పుక్కిలించి మళ్లీ పెట్టుకోవాలి. ఒక పెళ్లి భోజనంలో కాగితపు రుమాలులో చుట్టి పక్కన పెట్టిన ట్రే విస్తరితో పాటే వెళ్లిపోయింది. అప్పటి నుంచి దాని డబ్బా లేకుండా గడప దాటడం లేదు. చికిత్స ముగిశాక, పళ్లను కొత్త చోటనే నిలిపి ఉంచే రిటైనర్లు వాడకపోతే పళ్లు మళ్లీ పాత చోటికి జరుగుతాయి. ఈ మాట ముందే చెప్పని వైద్యుల మీద నాకు నమ్మకం కుదరదు.