లక్ష వత్తులు చేసిన చేతులు

శనివారం.

పెద్దమ్మ మందులు సంచిలో పెట్టుకొని పొద్దున్నే ఖమ్మంలో నేలకొండపల్లి బస్సెక్కాను. నెలనెలా ఉండే పనే. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ ఆసిడ్, నొప్పి మరీ భరించలేని రోజుకు వేరే బిళ్ళలు. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డబ్బా మీద ‘మంగళవారం మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాను. మంగళవారాన్ని ఎంచుకున్నది పెద్దమ్మే. ఆంజనేయస్వామి రోజు కనుక మరిచిపోనంది.

నేను వెళ్ళేసరికి వసారాలో చాప మీద కూర్చొని ఉంది. ముందు గింజ తీసిన పత్తి, పక్కన చిన్న గిన్నెలో విభూతి. కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఉదయం పూట గంటకు పైగా వేళ్ళు వంగవు. ఆ బిగువు కాస్త సడలాక ఆమె చేసే మొదటి పని దీపానికి వత్తులు చేసుకోవడం. వేలికి విభూతి అద్దుకొంది. పత్తిని పాయలా సాగదీసి ఎడమ అరచేతిలో పెట్టుకొంది. దాని మీద కుడి అరచేయి ఆనించి రుద్దాలి. ఆ చెయ్యి పూర్తిగా తెరుచుకోదు. వేళ్ళ మొదళ్ళు ఉబ్బిపోయి, వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి. అరచేయి ఆనకపోతే పత్తి దొర్లదు. ఒకచోట ఉండకట్టి, ఇంకోచోట పలచబడి తెగిపోయింది. తెగిన ముక్కను కలిపి మళ్ళీ రుద్దింది. మళ్ళీ తెగింది. చివరికి పత్తిని మోకాలి మీద పరచుకొని మణికట్టుతో దొర్లించింది. ఒక వత్తి తయారైంది, లావుగా, వంకరగా. దాన్ని పళ్ళెంలో పెట్టి ఇంకో పాయ అందుకొంది.

ఈ చేతులే లక్షవత్తుల నోము పట్టి లక్ష వత్తులూ చేశాయి. మా చిన్నప్పుడు పిల్లలమందరం చుట్టూ కూర్చొని వాటిని వందేసి చొప్పున లెక్కపెట్టి కట్టలు కట్టేవాళ్ళం. పెద్దమ్మ మాకు కథలు చెబుతూనే చేసేది, చేతుల వైపు చూసేది కూడా కాదు. ఇప్పుడు నేను చేసిపెడతానన్నా, దుకాణంలో కొని తెస్తానన్నా ఒప్పుకోదు. “నా దీపానికి నేనే చేసుకోవాలే” అంటుంది. నేనూ బలవంతం చేయను.

అంతలో ఎదురింటి ఆవిడ సత్యనారాయణ వ్రతం ప్రసాదం తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మ చేతులు చూసి నిజంగానే బాధపడింది. “రోజూ విష్ణు సహస్రనామం చదివే మీకే ఇట్లా అయిందంటే ఇక మాబోటి వాళ్ళ సంగతేమిటి వదినా? పోయిన జన్మలో ఏం బాకీ పడ్డారో ఏమో” అంది. పెద్దమ్మ “అంతేనమ్మా” అని రెండు చేతులూ చాచి ప్రసాదం తీసుకొని కళ్ళకద్దుకొంది. ఆవిడ వెళ్ళాక మాత్రం చాలాసేపు పత్తి ముట్టుకోలేదు.

ఆ మాట అన్నావిడ చెడ్డ మనిషి కాదు. పెద్దమ్మకు జ్వరం వస్తే జావ కాచి తెచ్చేది ఆవిడే. అయినా ఆ మాట నాకు మధ్యాహ్నమంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అట్లా ఎందుకంటారని ఆలోచిస్తే నాకు భయమే కనిపిస్తోంది. ఇంత భక్తి ఉన్న మనిషికే వచ్చిందంటే ఎవరికైనా రావచ్చు. ఆ సంగతి తట్టుకోవడం కష్టం. పెద్దమ్మ దగ్గర ఏదో ఒక తప్పు దొరికితే తప్ప ఆ భయం తీరదు. ఈ జన్మలో ఎంత వెదికినా దొరకదు కనుక పోయిన జన్మలోకి వెళ్ళి వెదుకుతారు.

డాక్టరు చెప్పిన కారణం వేరు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొరను పరాయిదనుకొని దాడి చేస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ. ఎవరి ఒంట్లో అట్లా ఎందుకు మొదలవుతుందో వైద్యులు కూడా కచ్చితంగా చెప్పలేరు. రోజూ పూజ చేసే ఇల్లు, చేయని ఇల్లు అన్న తేడా దానికి లేదు. ఇది విన్నరోజు పెద్దమ్మ ముఖంలో కనిపించిన నెమ్మది నాకింకా గుర్తుంది. “అయితే నేనేమీ చేయలేదన్నమాట” అంది.

నేలకొండపల్లిలో కూర్చొని ఈ ప్రశ్న వేసుకోవడంలో ఒక విశేషం ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, పుట్టిన ఊరు ఇదే. ఆయన పేరుమీద ఇక్కడ ధ్యానమందిరం ఉంది. అక్కన్న మాదన్నల మేనల్లుడు, పాల్వంచ పరగణా తహసీల్దారు, తానీషా ఖజానాకు చేరవలసిన సొమ్ము రాముడి గుడికి పెట్టి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్ళు అందులోనే మగ్గాడని చెబుతారు. రాముడికి గుడి కట్టిన మనిషిని రాముడు అన్నేళ్ళు ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్న జనాన్ని ఎంత వేధించిందో, దానికోసం ఒక కథ పుట్టుకొచ్చింది. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో బంధించాడట, ఆ పాపమే చెరసాల అయిందట. చిన్నప్పుడు హరికథలో ఇది విని తృప్తిగా ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే, ఎదురింటి ఆవిడ అన్నదీ ఈ కథ చెబుతున్నదీ ఒకటే.

కానీ చెరసాలలో ఉన్న రామదాసు చిలుకను తలచుకోలేదు. నాకు తెలిసిన కీర్తనల్లో ఎక్కడా ఆ ఊసు లేదు. ఆయన నేరుగా రాముణ్ణే నిలదీశాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం ఖరీదుతో సహా లెక్కలు అప్పజెప్పాడు, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని కడిగేశాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమీ అనుకోవద్దని బతిమాలుకున్నాడు. ఈ రెండూ ఒకే కీర్తనలో పక్కపక్కనే ఉంటాయి. భక్తుడు కనుక నొప్పి తగలలేదని ఆయన ఎక్కడా అనలేదు. తగిలిందని, ఓర్వలేకపోయానని చెప్పాడు. నొప్పిని దాచుకోవడమే భక్తి అనుకునేవాళ్ళు ఆ కీర్తన ఒకసారి శ్రద్ధగా వింటే బాగుండును.

ఈ ఊళ్ళోనే విరాటరాజు దిబ్బ ఉంది. పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటరాజు కొలువు ఇక్కడే ఉండేదని ఊరివాళ్ళ నమ్మకం. ఆ దిబ్బ పేరు వింటే నాకు అజ్ఞాతవాసం కంటే దానికి ముందు ద్వైతవనంలో ద్రౌపది ధర్మరాజును అడిగిన మాటలే గుర్తొస్తాయి. ‘ధర్మో రక్షతి రక్షితః’ అని మనం గోడల మీద, కరపత్రాల మీద ఎంతో ధీమాగా రాసుకుంటాం. అరణ్యపర్వంలో ఆ మాట ద్రౌపది నోట ధీమాగా రాదు. కాపాడుకున్న ధర్మం తిరిగి కాపాడుతుందని పెద్దలు చెప్పగా విన్నాను, నిన్ను మాత్రం కాపాడుతున్నట్టు నాకు కనిపించడం లేదు అంటుంది. మనుషులను కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడని దేవుణ్ణి కూడా వదిలిపెట్టదు.

ధర్మరాజు జవాబులో పూర్వజన్మ పాపాల చిట్టా విప్పి భార్య మీద వేయడు. ఫలం కోసం నేను ధర్మం చేయడం లేదు, ఇవ్వవలసింది కనుక ఇస్తున్నాను, చేయవలసింది కనుక చేస్తున్నాను అంటాడు. ధర్మంతో వ్యాపారం చేసేవాడు ధర్మం మాట్లాడేవాళ్ళలో కడపటివాడని తేల్చేస్తాడు. ద్రౌపది మాటలను ఆయన కాస్త గట్టిగానే ఖండిస్తాడు, నిజమే. ఆ తర్వాత ఆమె, నేను ధర్మాన్ని నిందించడం లేదు, ఆర్తిలో ఉండి ఏదో ప్రలాపిస్తున్నానని అర్థం చేసుకో అంటుంది. రామదాసు ‘దెబ్బలకోర్వక’ అన్నా, ద్రౌపది ఆర్తి అన్నా నాకు ఒకే గొంతు వినిపిస్తుంది.

ఇన్ని పూజలు చేసినా ఎందుకు కష్టం వచ్చిందని అడగడంలో, పూజకు బదులుగా ఆరోగ్యం ముట్టాలన్న బేరం దాగి ఉంది. ఆ బేరం పెద్దమ్మ ఎప్పుడూ కుదుర్చుకోలేదు. ఆమె తరఫున చుట్టాలే కుదిర్చి, సరుకు అందలేదని వాళ్ళే చింతిస్తున్నారు. ప్రారబ్ధం సంగతి ఎత్తుతారు సరే. జ్ఞానికైనా ప్రారబ్ధం అనుభవించాకే తీరుతుందని వేదాంతులే చెబుతారు. అంటే పుణ్యాత్ముడికి మినహాయింపు ఇస్తామని ఆ సిద్ధాంతం కూడా మాట ఇవ్వలేదు. పెద్దమ్మ రాత్రిపూట నిద్రపట్టక, ఇది నా ప్రారబ్ధంలే అని తనలో తాను అనుకుంటే అందులో ఒక నిబ్బరం ఉంది. అదే మాట గుమ్మంలో నిలబడి ఇంకొకరు అంటే అది తీర్పవుతుంది. ఇతరుల కష్టానికి కారణం చెప్పే హక్కు మనకెవరు ఇచ్చారు?

భోజనాలయ్యాక పెద్దమ్మ నడుం వాల్చింది. నేను ఆటోలో ఊరి చివర బౌద్ధ స్తూపం దాకా వెళ్ళొచ్చాను. పెద్ద ఇటుకల కట్టడం, చుట్టూ పొలాలు, ఎండ. బుద్ధుడి గురించి నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చాలా చిన్నది. ఒకసారి ధర్మోపదేశం మధ్యలో ఆయన, నాకు వెన్ను నొప్పిగా ఉంది, కాసేపు పడుకుంటాను, నువ్వు చెప్పు అని సారిపుత్రుడికి అప్పగించి నడుం వాల్చాడని పాళీ సూత్రాల్లో ఉంది. జ్ఞానోదయమైన మనిషికి వెన్ను నొప్పి! దాచలేదు, సిగ్గుపడలేదు. రెండు బాణాల ఉపమానం కూడా ఆయనదే. ఒంటికి తగిలే నొప్పి మొదటి బాణం, దాని గురించి మనసు పడే కుములాట రెండోది. జ్ఞానికి మొదటిది తగులుతుంది, రెండోది తగలదు. పెద్దమ్మ విషయంలో ఆ రెండో బాణాన్ని ఆమె వేసుకోవడం లేదు. ప్రసాదంతోపాటు ఇంటికి తెచ్చి మరీ వేస్తున్నారు.

తిరిగి వచ్చేసరికి పక్కింటి అక్క పెద్దమ్మకు తల దువ్వి జడ వేస్తోంది. చెయ్యి భుజం పైకి లేవదు కనుక రోజూ ఆమే వేస్తుంది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. పొద్దున జరిగింది చెప్పాను. జడ అల్లుతూనే ఆమె యోబు కథ ఎత్తుకొంది. ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబును చూడటానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా పక్కనే నేల మీద కూర్చున్నారట. “అంతవరకు బాగానే ఉన్నారమ్మా. నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అనడం మొదలుపెట్టాకే చెడగొట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళ మీదే, యోబు మీద కాదు” అంది. పెద్దమ్మ శ్రద్ధగా వింది. “మన రామదాసులాంటివాడే అన్నమాట” అంది.

అక్క వెళ్ళాక నేను అడిగాను. “పెద్దమ్మా, నువ్వెప్పుడైనా రాముణ్ణి అడిగావా, నాకే ఎందుకని?”

“అడగకేం? దీపం పెట్టగానే మొదటి మాట అదే. తెల్లవారుజామున నొప్పికి నిద్ర తేలిపోతే తిడతాను కూడా.”

“మరి ఇంత నొప్పిలో ఆ పూజ ఎందుకు?”

“నొప్పి తగ్గాలని చేసి ఉంటే ఎప్పుడో మానేద్దును. మీ పెదనాన్న పోయినప్పుడూ చేశాను, నీ పెళ్ళప్పుడూ చేశాను. ఇప్పుడు చేతులు బాగాలేవని ఆయనతో మాట్లాడటం మానేస్తానా?” అని కాస్త కోపంగానే అంది. ఆ కోపం చూసి నాకు ధైర్యం వచ్చింది.

బస్సులో ఉండగా బాబాయి ఫోన్ చేశారు. పోయిన ఏడాది మండలం రోజుల దీక్ష పడితే జబ్బు దానంతటదే పోతుందని, మందులు నమ్ముకుంటే దేవుడి మీద విశ్వాసం లేనట్టేనని పెద్దమ్మకు నచ్చజెప్పి మాత్రలు ఆపించింది ఆయనే. ఆ దీక్ష ముగిసేసరికి ఆమె గ్లాసు పట్టుకోలేని స్థితికి వచ్చింది. చేతులు అప్పటి నుంచే ఇంతగా వంకరపోయాయి. విశ్వాసం చాలలేదేమోనని అప్పుడు ఆమె తనను తానే నిందించుకొని ఏడ్చింది. ఆ ఏడుపు నేను క్షమించలేను. ఈ రోజు మళ్ళీ ఎవరో స్వామి గురించి మొదలుపెట్టారు.

“పూజ చేయించండి బాబాయ్, నేనూ వచ్చి పీటల దగ్గర పని చేస్తాను. మందు మాత్రం ఒక్క వారం కూడా ఆపనివ్వను. పెద్దమ్మ ముందు పోయిన జన్మ మాట, విశ్వాసం చాలలేదన్న మాట ఇంకెప్పుడూ ఎత్తకండి” అన్నాను. బస్సులో నలుగురూ తిరిగి చూసేంత గట్టిగానే వచ్చింది గొంతు.

“ఆమె మంచి కోరే కదమ్మా చెబుతున్నది” అన్నారు.

“తెలుసు. మంచి కోరితే సోమవారం రక్తపరీక్షకు మీ కారులో ఖమ్మం తీసుకురండి. మూడు నెలలకోసారి కాలేయం ఎట్లా ఉందో చూడాలన్నారు డాక్టరు. బస్సు మెట్లు ఎక్కడం ఆమెకు నరకం.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎన్ని గంటలకు రావాలని అడిగారు. పది దాటాక అని చెప్పాను. అంతకంటే ముందు మోకాళ్ళు వంగవు.